వాలుబల్ల మీద ఒరపిడి లెక్క
(సరిహద్దు జిల్లాలోని తెలుగు తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదిని పిలిచారు గనుక హక్కుల గురించే మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. నేను మాత్రం ఒక బల్ల, ఒక చెక్కపెట్టె తెచ్చాను. బల్ల పొడవు 2 మీటర్లు. పెట్టెలో బియ్యం పోసి తూచాం. మొత్తం 10 కిలోలు. రోడ్డు ప్రమాదాల పరిహారపు దావాలు నడిపేవాణ్ణి కాబట్టి ఈ జారుడు వ్యవహారం నా వృత్తికి పరాయిదేమీ కాదు. సూత్రం కంఠతా వచ్చిన పిల్లలు కూడా బలం ఏ దిక్కున పనిచేస్తుందని అడిగితే తడబడతారు. అందుకే సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టి బల్లను చూద్దాం.

బల్ల ఒక కొనను నేలమీద ఉంచి, రెండవ కొనను 60 సెంటీమీటర్లు లేపాను. పెట్టె కదలలేదు. భూమి దానిని 98 న్యూటన్ల బలంతో నిట్టనిలువుగా కిందికి లాగుతున్నది. బల్ల వాలుగా ఉన్నందున ఆ లాగుడు రెండు పాళ్లుగా విడిపోతుంది. వాలు వెంట కిందికి దించే పాలు కావాలంటే ఎత్తును బల్ల పొడవుతో భాగించి బరువుతో గుణించాలి. 60ని 200తో భాగిస్తే 0.3, అంటే 29.4 న్యూటన్లు. బల్లను అదిమే పాలు కావాలంటే నేలమీది దూరాన్ని బల్ల పొడవుతో భాగించాలి. టేపుతో కొలిస్తే ఆ దూరం సుమారు 191 సెంటీమీటర్లు; అంటే 93.5 న్యూటన్లు. బల్ల కూడా అంతే బలంతో పెట్టెను తనకు లంబంగా తిరిగి నెడుతుంది. దానినే పాఠ్యపుస్తకం అభిలంబ బలం అంటుంది.

మరి ఒరపిడి ఎంత? చాలామంది వెంటనే ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో గుణించేస్తారు. పెట్టె నిశ్చలంగా ఉన్నప్పుడు అది చెల్లదు. జారకుండా నిలపడానికి కావలసింది 29.4 న్యూటన్లే కాబట్టి ఒరపిడి కూడా 29.4 న్యూటన్లే. గుణకారం వల్ల వచ్చేది గరిష్ఠ పరిమితి మాత్రమే. శిక్షాస్మృతిలో ‘మూడు సంవత్సరాల వరకు’ అని ఉంటే ప్రతి ముద్దాయికీ మూడేళ్లు పడవు గదా!

ఆ పరిమితిని కనిపెట్టడానికి బల్లను మెల్లగా లేపుకొంటూ పోవాలి. 90 సెంటీమీటర్ల దగ్గర పెట్టె కదిలింది. అప్పుడు నేలమీది దూరం 178.6. ఎత్తును ఈ దూరంతో భాగిస్తే సుమారు 0.5 వస్తుంది. అదే ఈ బల్లకూ ఈ పెట్టెకూ మధ్య స్థైతిక ఘర్షణ గుణకం. త్రాసుతోగాని, కోణమానినితోగాని పని పడలేదు. పెట్టెలో సగం బియ్యం తీసివేసినా అదే ఎత్తులో కదులుతుంది. బరువు తగ్గితే కిందికి దించే బలమూ, పట్టి ఉంచే బలమూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. బరువైన మూటే ముందు జారుతుందని పెద్దలు కూడా అంటూ ఉంటారు. ఇంటికి వెళ్లి పీటను వాల్చి చూడండి.

ఇక జారుతున్నప్పటి లెక్క. కొనను 100 సెంటీమీటర్లకు లేపి, పెట్టెను పై నుంచి వదిలి, ఐదుసార్లు గడియారం పట్టాం. 2 మీటర్లు జారడానికి సగటున 1.6 సెకన్లు పట్టింది. దూరాన్ని రెట్టింపు చేసి కాలవర్గంతో భాగిస్తే త్వరణం 1.56. దానిని 10 కిలోలతో గుణిస్తే మిగులు బలం 15.6 న్యూటన్లు. వాలు వెంట దించే పాలు 49 న్యూటన్లు. తేడా 33.4 న్యూటన్లను ఒరపిడి మింగివేసింది! అభిలంబ బలం ఇప్పుడు 84.9. భాగిస్తే 0.39. ఇది గతిక ఘర్షణ గుణకం; మొదటి 0.5 కంటే తక్కువ. కదలనంతసేపు మొండికేసిన పెట్టె కదిలిన తరువాత నెమ్మదిగా పాకకుండా వేగం అందుకోవడానికి కారణమిదే.

ఒరపిడి బరువును అనుసరిస్తుందే గాని తాకే వైశాల్యాన్ని అనుసరించదని ఫ్రాన్సులో అమాంటన్ 1699లో చెప్పాడు. కూలుంబ్ 1785లో ప్రచురించిన పరిశోధనతో అది గట్టిపడింది. పెట్టెను పక్కకు దొర్లించి పెట్టినా, ఆ ముఖం కూడా అదే నునుపుదైతే, ఫలితం ఇంచుమించు మారదు.

ఘాట్ రోడ్డు మీద ఇదే లెక్క ప్రాణాలకు సంబంధించినది. ప్రతి 10 మీటర్లకు 1 మీటరు దిగే వాలులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వస్తున్న లారీ బ్రేకు వేసి, చక్రాలు తిరగకుండా జారిందనుకొందాం. పొడి రోడ్డు మీద గుణకం 0.7 అనుకొంటే అది 8.5 మీటర్లలో ఆగుతుంది. వానకు తడిసి 0.4కు పడిపోతే 17 మీటర్లు కావాలి. రోడ్డు మీది టైరు గీతల పొడవు నుంచి ఈ లెక్కను వెనక్కు నడిపితే వేగం తెలుస్తుంది. క్లెయిము దావాలో అటువంటి గీత ఒక్కొక్కసారి నోరున్న సాక్షి కంటే నికరంగా మాట్లాడుతుంది.

ఇంత దూరం వచ్చాను గనుక చట్టం మాట ఒకటి చెప్పాలి. 1956లో ఏడవ సవరణతో చేరిన 350-ఎ అధికరణం మన పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించమంటుంది. అయితే ప్రాథమిక దశకే. ఒరపిడి లెక్క ఎదురయ్యేసరికి ఆ దశ దాటిపోతుంది. 30వ అధికరణం మనకు ఇచ్చిన విద్యాసంస్థల హక్కుకు ఆ తరగతి హద్దు లేదు. సంస్థ పెట్టగలిగేవారు పెట్టాలి. పెట్టలేని ఊళ్లో సాయంకాలపు బడి, ఇటువంటి బల్ల ఒకటి పెట్టవచ్చు. పరీక్ష వేరే భాషలో రాయవలసి వస్తే ఆ పేర్లు కూడా పక్కనే నేర్పండి. కన్నడంలో ఘర్షణె, మరాఠీలో ఘర్షణ్. తమిళ ఉరాయ్వు మన ఒరపిడికి చెవికే దగ్గరగా వినబడుతుంది. విషయం ఒక భాషలో అర్థమైతే పేరు మార్చుకోవడం ఒక పూట పని.

పిల్లలకు ఒక ప్రశ్న. బల్లను మళ్లీ 60 సెంటీమీటర్లకు దించాను. ఇప్పుడు పెట్టెకు తాడు కట్టి, వాలు వెంట పైకి లాగాలి. కదలడానికి ఎంత బలం కావాలి? ఒరపిడి ఈసారి ఏ దిక్కున ఉందో ముందు బొమ్మ గీయండి. స్ప్రింగు త్రాసు తెచ్చాను. మీ లెక్క సరైనదైతే ముల్లు 7.8 కిలోల దగ్గరకు రావాలి.