వంటింట్లో దీపం ఎక్కడ పెట్టాలి?



గట్టు ముందు నిలబడి కూర తరుగుతుంటే మీ నీడ మీ చేతులమీదే పడుతోందా? చాలా ఇళ్ళలో అంతేనండీ. ట్యూబులైటు మన వీపు వెనక గోడకి ఉంటుంది. వెలుతురు చాలదని ఇంకొకటి తగిలిస్తాం, అదీ వెనకే! మీటరు తిరుగుతుంది, నీడ మాత్రం కదలదు.

దీపం ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. చదరపు మీటరు మీద అందులో ఎంత పడిందో చెప్పేది లక్సు. వాట్లంటారా, అవి దీపం తినే కరెంటు, వెలుగు కాదు.

మీ వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు అనుకోండి. సుమారు 7.4 చదరపు మీటర్లు. గదంతా 200 లక్సులు కావాలంటే దాదాపు 1,480 ల్యూమెన్లు పడాలి. గోడలూ, మసీ, దుమ్మూ మింగగా అయిదింట రెండు వంతులే మనకు దక్కిందనుకుంటే, దీపాలు 3,700 ల్యూమెన్లు ఇవ్వాలి. అంటే 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు రెండు. అలా కాక, ఒకే ట్యూబు ఉంచి, గట్టుపైన అలమార అడుగున 5 వాట్ల పట్టీదీపం అమర్చి చూడండి. తరిగేచోట 300 లక్సుల దాకా వస్తుంది, నీడా ఉండదు. దగ్గరి దీపం బలం అది. చిన్న బల్బునుంచి రెట్టింపు దూరం పోతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. రోజుకి అయిదు గంటల చొప్పున నెలకు 6 యూనిట్లు కాలేచోట 4 లోపే సరిపోతుంది.

ఒక్క వంటగదికి ఈ లెక్క కాగితంమీద చాలు. పెద్ద హాలుకో, ఆఫీసుకో చాలదు. కప్పుమీద దీపం పెట్టగల చోట్లు 12 ఉంటే, ఉంచడమా మానడమా అన్న ఏర్పాట్లు 4,096. చోట్లు 30 అయితే నూరు కోట్లు దాటుతాయి! అందుకే కంప్యూటరు. జర్మనీలో తయారైన డయాలక్స్ వంటి ప్రోగ్రాములు గది కొలతలూ, గోడల రంగూ ఇస్తే ఏ మూల ఎన్ని లక్సులో చూపిస్తాయి. ఏర్పాట్లలో మంచిదాన్ని ఎంచే పద్ధతుల్లో ఒకటి మన అమ్మమ్మలకు తెలిసినదే. మంచి కాయను విత్తనానికి ఉంచుకునేవారు కదా! యంత్రం కూడా కొన్ని ఏర్పాట్లు వేసి, తక్కువ కరెంటుతో చాలినంత వెలుగిచ్చేవాటిని ఉంచుకుని, వాటిని కలిపి కొత్తవి పుట్టించి, మళ్ళీ ఏరుతుంది.

అయితే "చాలినంత" అంటే ఎంతో చెప్పవలసింది మనమే. అరవై ఏళ్ళ కంటి లోపలికి ఇరవై ఏళ్ళ కంటిలోకి వెళ్ళే వెలుగులో మూడో వంతే చేరుతుందంటారు. అత్తగారు సాయంత్రం ఏ మూల కూర్చుని చేటలో బియ్యం ఏరుతారో కంప్యూటరుకి ఏం తెలుసు? చెప్పకపోతే, పొదుపు పేరిట మొదట తీసేసేది ఆ మూల దీపాన్నే. నా ఉద్దేశంలో అది పొదుపు కాదు, పిసినారితనం.

కనుక ఎలక్ట్రీషియను గోడకి కన్నం పెట్టకముందే ఒక పని చేయండి. రాత్రి పొడవాటి వైరుకి బల్బు తగిలించి, ఒకరిని అక్కడా ఇక్కడా పట్టుకోమని, మీరు గట్టు దగ్గర నిలబడి చేతులు చూసుకోండి. నీడ పోయినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత పెద్దావిడ కూర్చునే చోటికి వెళ్ళి, ఆవిడనే అడిగి, అక్కడొక గుర్తు.