దొంగ చేతిలో తాళంచెవుల పద్దు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



గులాబీరంగు పురుగు చేరినా పత్తికాయ పైకి బాగానే కనపడుతుందని మన గుంటూరు, ప్రకాశం రైతులకు తెలుసు. కంప్యూటరులో చేరే దొంగ ప్రోగ్రామూ అంతే. మా మనవడు ఉచితమని ఒక ఆట దించుకున్నాడు. దాని వెంట వచ్చిన పురుగు, నేను బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఎత్తుకుపోయింది. వెబ్‌సైటు, యూజరు పేరు, పాస్‌వర్డు – మన రిజిస్టరులో పద్దుల్లాగే వరుసగా రాసి దొంగలు అమ్ముకుంటారు.

ఆ పద్దులో మన పేరుందేమో చూసుకోవచ్చు. ఆస్ట్రేలియా వాసి ట్రాయ్ హంట్ 2013లో ప్రారంభించిన 'హావ్ ఐ బీన్ పోన్‌డ్'లో ఎవరి ఈమెయిలు వారు సరిచూసుకోవచ్చు. సంస్థలైతే, డొమైను తమదేనని రుజువు చూపి, అందులో ఎవరెవరి వివరాలు పోయాయో తెలుసుకోవచ్చు.

నా పొరపాటు మీరు చేయకండి. కంగారులో అదే కంప్యూటరులో పాస్‌వర్డు మార్చాను. కొత్తదానితోనూ ఎవరో నా మెయిలు తెరిచారు. ముందు పురుగును తీయించండి, లేదా వేరే కంప్యూటరులో మార్చండి. అన్నిచోట్లా లాగౌట్ కండి. డబ్బు పోతే తక్షణమే 1930కి ఫోను చేయండి.

మనవణ్ణి నేను కోప్పడలేదు. పాస్‌వర్డులు అక్కడ దాచింది నేనే కదా! సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా ఉండవద్దని మనవి చేస్తూ, సెలవు.