తొలి జాడ నోట్‌బుక్కులో కాదు, నోటిమాటలో



1896 నవంబరులో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. అది పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి. వాడు చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, బీజగణితం లెక్క ఇస్తే చేసి చూపించాడు. చదవమంటే మాత్రం చిన్న చిన్న మాటల దగ్గరే ఆగిపోతాడు. తన పేరు రాయబోతే అక్షరాలు తారుమారై ‘ప్రెసీ’ అయింది. పాఠాలన్నీ నోటితోనే చెప్పేట్టయితే బడి మొత్తానికి వీడే మొనగాడని మాస్టారు అన్నాడట. డాక్టరు ఈ సంగతి రాసేనాటికి ఆ పిల్లవాడికి బడిలోనూ ట్యూషన్లలోనూ ఏడేళ్లు గడిచిపోయాయి.

మోర్గన్ దాన్ని ‘పదాంధత్వం’ అన్నాడు. లోపం మాటను కంటితో గుర్తుపట్టడంలో ఉందనుకున్నాడు. చాలాకాలం అందరూ అదే అనుకున్నారు. ఇలాంటి పిల్లవాడి కథతో 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా మన తల్లిదండ్రులకు ఎంత మేలు చేసిందో చెప్పక్కర్లేదు. కానీ పేజీ మీద అక్షరాలు గంతులు వేసే ఆ దృశ్యం మాత్రం జనం మనసులో పాతుకుపోయింది. దాంతో చాలామంది పిల్లవాణ్ణి ముందు కళ్లజోళ్ల షాపుకు తీసుకెళ్తున్నారు. చూపు పరీక్ష చేయించడం మంచిదే. చిక్కు అక్కడ దొరకనప్పుడు ఇక ఏమీ లేదనుకోవడంతోనే తంటా.

1983లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన దారి మళ్లించింది. ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలను నాలుగు వందల మందికి పైగా తీసుకుని, వాళ్లకు కొన్ని మాటలు వినిపించి, వాటిలో శబ్దం కలవని మాట ఏదో చెప్పమన్నారు. తెలుగులో అయితే ‘కాకి, కారు, బంతి, కాయ’ అని అడగడం లాంటిది. అప్పుడు తడబడిన పిల్లలే తర్వాత చదువులోనూ తడబడే అవకాశం ఎక్కువని తేలింది. వెనకబడినవారిలో కొందరికి రెండేళ్లపాటు శబ్దాల ఆటలు నేర్పి, ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చి చూస్తే చదువు బాగా మెరుగైంది. అంటే పలక పట్టకముందే జాడ కనిపిస్తుంది. చూడాల్సింది పిల్లల చెవినీ నోటినీ.

అంగన్‌వాడీలో బొమ్మల చార్టు ముందు నాలుగున్నరేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఫ్యాను బొమ్మ చూపిస్తే “అదే... పైన తిరుగుతది, గాలొస్తది” అంటాడు. వస్తువు తెలుసు, దాని పనీ తెలుసు, పేరే నోటికి రాదు. రంగుల పేర్లు, వారాల వరస ఎన్నిసార్లు చెప్పినా నిలవవు. ‘పుస్తకం’ ‘పుత్సకం’ అవుతుంది. చెమ్మచెక్క ఆడేటప్పుడు తోటివాళ్లు చప్పట్లతో మాటను విడగొడుతుంటే వీడు లయ అందుకోలేడు. వీటిలో ఏదో ఒక్కటే కనిపిస్తే కంగారు అక్కర్లేదు. నాలుగైదు కలిసొచ్చి, నెలల తరబడి అలాగే ఉండి, ఇంట్లో తండ్రికో మేనమామకో చదువు దగ్గర ఇదే తిప్పలుండేదని తెలిస్తే అప్పుడు పట్టించుకోవాలి. ఇలాంటి చిక్కులు కుటుంబాల్లో తరతరాలుగా రావడం బాగా తెలిసిన విషయమే.

ఒకటో తరగతికి వచ్చాక ఇలాంటి పిల్లలు తమ తడబాటును కప్పిపుచ్చడం నేర్చుకుంటారు. పాఠం గడగడా అప్పజెబుతారు. వేలు ఒక లైన్లో, నోరు ఇంకో లైన్లో ఉంటుంది. బొమ్మను చేత్తో మూసి, పాఠం మధ్యలో ఒక మాట చూపించి అడిగితే గుట్టు బయటపడుతుంది.

ఇంగ్లీషు పుస్తకాలు ‘బి’, ‘డి’ తిరగబడటాన్ని పెద్ద లక్షణంగా చెబుతాయి. నిజానికి ఐదారేళ్ల వయసులో అలా రాయని పిల్లలు అరుదు. తెలుగులో ప–వ, మ–య, ద–ధ తికమక కూడా అంతే. మన లిపి కష్టం వేరేచోట ఉంది. గుణింతాలు, ఒత్తులు కలిపి నేర్వాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. పక్కనున్న కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన అధ్యయనాలను చూస్తే, ఈ అక్షరాలన్నీ పట్టుబడటానికి మామూలు పిల్లలకే ప్రాథమిక బడిలో చాలా ఏళ్లు పడుతుందని అర్థమవుతుంది. కాబట్టి రెండో తరగతి పిల్ల ‘రాష్ట్రం’ తప్పు రాసిందని ముద్ర వేయకూడదు. ‘కి’కీ ‘కు’కీ తేడా చెవికి అందక, తోటివాళ్లంతా దాటిపోయాక కూడా అక్కడే ఉండిపోతే, అది జాడ.

లెక్కల్లో తడబాటు జాడను వైకుంఠపాళి దగ్గరే చూడవచ్చు. పాచిక మీద ఐదు చుక్కలు పడితే ఆరేడేళ్ల పిల్లలు చూడగానే ఐదంటారు. కొందరు ప్రతిసారీ ఒకటి నుంచి వేలితో లెక్కపెడతారు. చేతిరాత గురించి ఒక్క ముక్క: పెన్సిల్ పట్టు, గుండీలు పెట్టుకోవడం రెండూ కష్టమైన పిల్లలను బద్ధకస్తులనకండి.

ఇక జాడలా కనిపించి కాకుండా పోయేవి. చెవి కారే పిల్లలకు శబ్దాలు సరిగా అందవు. ఇటుక బట్టీలకు వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు ఏటా కొన్ని నెలల చదువు పోతుంది. ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలకు బడి తెలుగే కొత్త. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఒకటో తరగతికే ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషులో తడబడినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. ఇంటి భాషలో కథ చెప్పించాలి, ఇంటి భాషలోనే శబ్దాల ఆట ఆడించాలి. అక్కడా అదే తడబాటుంటే అప్పుడు నిపుణుల దగ్గరికి పంపాలి.

అమెరికన్ మనోవైద్య సంఘం గ్రంథం ప్రకారం చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ఈ అభ్యసన సమస్యలు బడి ఈడు పిల్లల్లో నూటికి 5 నుంచి 15 మందికి ఉంటాయి. అంటే ముప్ఫైమంది తరగతిలో కనీసం ఒకరో ఇద్దరో. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వీటిని గుర్తించింది, వీలైనంత తొందరగా కనిపెట్టమంది. 2018 మార్గదర్శకాలు మాత్రం ఎనిమిదేళ్లు నిండితేగానీ సర్టిఫికెట్ వద్దన్నాయి. తొందరపడి ముద్ర వేయకూడదన్న ఆ జాగ్రత్త సబబే. అయితే నాలుగేళ్లకు కనిపించిన జాడకూ ఎనిమిదేళ్లకు వచ్చే కాగితానికీ మధ్య కాలాన్ని మన బడులు ఖాళీగా వదిలేస్తున్నాయి. “పెద్దయితే అదే వస్తుందిలే” అన్న మాట అక్కడే వినిపిస్తుంది. సర్టిఫికెట్ కావలసింది పరీక్షలో అదనపు సమయానికి, మినహాయింపులకు. రోజూ పావుగంట నలుగురు పిల్లలను కూర్చోబెట్టి మాటను ముక్కలు చేయించడానికి, ఒక్క గుణింతాన్నే వారమంతా పలక మీద దిద్దించడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

భాషాశాస్త్రజ్ఞులు, పిల్లల డాక్టర్లు, పంతుళ్లు ఒకే పందిట్లో కూర్చున్న ఈ సదస్సు చేయదగ్గ పని ఒకటుంది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఈ తడబాటును కనిపెట్టడానికి తయారుచేసిన పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చాయి. తెలుగు పిల్లలకు వాడే ఏ పరీక్షలోనైనా మాటల పట్టిక తెలుగు పిల్లల నోటినుంచే రావాలి. పుస్తకాల తెలుగులో అడిగేవారు ‘ఒచ్చింది’ అన్న పిల్లకు తప్పు వేస్తారు. అది తప్పు కాదు, వాళ్లమ్మ మాట. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ అంగన్‌వాడీల్లో నాలుగైదేళ్ల పిల్లలు నిజంగా వాడే మాటలను ముందు రికార్డు చేయించాలి. ఆ పట్టిక ఎవరు మొదలుపెడతారో మధ్యాహ్నం చర్చలో పేర్లతో సహా తేల్చమని అధ్యక్ష స్థానం కోరుతోంది.