లాగిన్ కాని కెమెరాను రీసెట్ చేయకండి

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లలో, చిన్న ఆఫీసుల్లో కెమెరాల బాధ్యత నెత్తిన పడ్డవాళ్లతో ఇవాళ మాట్లాడాలి. కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, పాత కెమెరాలను అందులో కలుపుదామని కూర్చుంటారు. ఐపీ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడతారు. 'ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అంటుంది. అదే పాస్‌వర్డ్‌తో బ్రౌజర్‌లో కెమెరా పేజీ మాత్రం చక్కగా తెరుచుకుంటుంది. అప్పుడు విసుగొచ్చి, నిచ్చెనేసుకుని ఎక్కి రీసెట్ బటన్ నొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

బ్రౌజర్‌లో తెరుచుకుందంటే పాస్‌వర్డ్ సరైనదే. ముందు కెమెరా టైము చూడండి. ఏ కంపెనీ కెమెరా అయినా ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పనిచేయాలని 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి ఆన్‌విఫ్ అనే ప్రమాణానికి శ్రీకారం చుట్టాయి. ఈ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపదు. దానికి ఒక కొత్త సంఖ్యనూ, ఆ క్షణపు తేదీ, టైమునూ కలిపి, గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి పంపుతుంది. మధ్యలో ఎవరైనా దాన్ని పట్టుకున్నా, రేపు మళ్లీ వాడలేడు. కెమెరా ఆ టైమును తన గడియారంతో సరిచూసి, తేడా ఎక్కువుంటే తోసేస్తుంది. తప్పు గడియారానిది, మనకు కనిపించేది మాత్రం పాస్‌వర్డ్ తప్పన్న మాట.

కరెంటు పోయి వచ్చాక 1970 జనవరి 1కి వెళ్లిపోయే కెమెరాలున్నాయి. అది వెంటనే కంటపడుతుంది. కంటపడనిది ఇంకోటుంది. టైమ్‌జోన్ చైనాదే ఉండగా, ఎవరో గంటలు, నిమిషాలు చేత్తో సరిచేసి వెళ్తారు. వీడియో మీద టైము సరిగ్గానే ఉంటుంది, లోపలి లెక్క మాత్రం రెండున్నర గంటలు తప్పుతుంది. అందుకే టైమ్‌జోన్ ఐదున్నరకు మార్చి, టైమును దానంతటదే సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయండి. కెమెరాలకు ఇంటర్నెట్ ఇవ్వకపోతే, ఇవ్వకపోవడమే మంచిది, రికార్డింగు సర్వర్ నుంచే టైము అందేలా పెట్టండి.

అప్పటికీ కలవకపోతే నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఆన్‌విఫ్ ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు దాన్ని ఆఫ్‌లోనే ఉంచి పంపుతాయి. పైగా కొన్ని కెమెరాల్లో దానికి యూజర్ల జాబితా వేరేగా ఉంటుంది, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కడ చెల్లదు. సాఫ్ట్‌వేర్ కోసం అక్కడ ఒక కొత్త యూజర్‌ను పెట్టండి.

ఆన్‌విఫ్ బదులు నేరుగా వీడియోకి ఆర్‌టీఎస్‌పీ లింకు ఇచ్చి కలిపేవాళ్లు పాస్‌వర్డ్‌లో యాట్ గుర్తు ఉందేమో చూసుకోవాలి. ఉంటే సాఫ్ట్‌వేర్ అక్కడితో పాస్‌వర్డ్ అయిపోయి అడ్రస్ మొదలైందనుకుంటుంది. లింకులో ఆ గుర్తు బదులు %40 అని రాయాలి.

కమిటీ మారి, కొత్త సెక్రటరీగారు పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఇంకో తంటా. పాత రికార్డరూ, ఎవరి ఫోన్లోనో ఉన్న యాపూ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు తడుతూ ఉంటాయి. కొన్ని తప్పులయ్యాక కెమెరా లాక్ అవుతుంది. ఇక సరైన పాస్‌వర్డ్ కొట్టినా వినదు. ముందు వాటన్నిటినీ ఆపి, అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి.

రీసెట్ ఎందుకు వద్దంటున్నానంటే, పాత కెమెరాలు దాంతో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌కి వెళ్లిపోతాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రికార్డర్లలో దూరింది. వాటితో చేసిన దాడి వల్ల ఆ అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కూడా తెరుచుకోలేదు.

కెమెరా కలిశాక లైవ్ బొమ్మ చూసి లేచిపోకండి. రికార్డింగు తెరిచి, పది నిమిషాల కిందటి దృశ్యం పడిందో లేదో చూడండి. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల రికార్డింగు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. సైబరాబాద్ పోలీసులు 'నేను సైతం' కార్యక్రమం కింద పెట్టించిన కాలనీ కెమెరాల్లోనైనా, గేటు దగ్గర ఏదైనా జరిగినప్పుడు వాళ్లు అడిగేది ఆ ఫైలే.