కాంక్రీటు బలము – పంచాయతీ సభ్యుల పర్యవేక్షణ

(ఐరాలలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామములలో ఏటేట సిమెంటు దారులు, మురుగుకాలువలు, కల్వర్టులు, అంగన్‌వాడీ భవనములు లేచుచున్నవి. పని చిన్నదే గదా యని కాంక్రీటు సంగతిని మేస్త్రీకి విడిచిపెట్టుట పలుచోట్ల కలదు. కాని పసిపిల్లలు కూర్చుండు గది కప్పునకును, పట్టణములోని పెద్ద కచేరీ కప్పునకును విధింపబడిన కనీస బలము ఒక్కటియే.

ఇనుప కడ్డీలతో పోయు కాంక్రీటునకు ఐ.యస్. 456 అను జాతీయ ప్రమాణము 1978లో ఎం-15 తరగతిని కనీసముగా అంగీకరించెను. 2000 సంవత్సరపు సవరణలో అది ఎం-20 అయ్యెను. ఇందలి అర్థమేమనగా, 15 సెంటీమీటర్ల ఘనమును పోసి, 28 దినములు తడిలో నుంచి, యంత్రమున నొక్కినచో అది సుమారు 46 టన్నుల బరువునకు ఓర్చుకొనవలెను. మేస్త్రీలు తాతలనాటి నుండి కలుపు 1:2:4 పాళ్లు ఎం-15కు చెందినవి. ఎం-20కి 1:1½:3 పాళ్లు వాడుకలో నున్నవి. బస్తా సిమెంటు 35 లీటర్లు గనుక ఇసుక 52 లీటర్లు, కంకర 105 లీటర్లు పట్టును. దీనిని తట్టలతో గాక కొలతపెట్టెతో కొలిపింపుడు. తడి ఇసుక ఉబ్బి నాల్గవవంతు వరకు ఎక్కువ చోటు నాక్రమించును. ఆ మేరకు పెంచి పోయకున్న మిశ్రమము గరుకై సందులు మిగులును. సిమెంటు దారులకు అంచనాలో ఇంకను హెచ్చు తరగతి వ్రాసియుండవచ్చును, ముందుగా చదువుకొనుడు.

అసలు చిక్కు నీటితో. ఎం-20 మిశ్రమమున బస్తాకు 30 లీటర్లు మించరాదు. ఇసుకలోని తడియు ఆ లెక్కలోనిదే. మిశ్రమము జారుగా నుండవలెనని బిందెలకొలది పోసినచో, మిగులు నీరు ఆరిపోయి సన్నని రంధ్రములు నిలుచును. వాటి గుండ తేమ చొచ్చి కడ్డీ త్రుప్పుపట్టును. ఇందులకు మేస్త్రీని దూషించి లాభము లేదు. గట్టి మిశ్రమమును కడ్డీల నడుమ కూరుట కూలీలకు ప్రయాస. వైబ్రేటరు యంత్రమును బాడుగకు తెప్పించిన ఆ ప్రయాస తీరును.

పోసిన పిమ్మట మాత్రము నీటికి లోభింపరాదు. బోర్లు అడుగంటు మన ప్రాంతమున ఈ లోభము సహజమే. కాని కలుపునపుడు అధికముగా పోసి, తడుపునపుడు దాచుట వింత పొదుపు! వేడిగా, పొడిగా నుండు వాతావరణమున కనీసము 10 దినములు, బూడిద కలిసిన సిమెంటయినచో వీలైనంతవరకు 14 దినములు తడి ఆరనీయరాదు. కప్పుపై మట్టికట్టలు వేసి నీరు నిలుపుడు. నిలువు గోడలకు, స్తంభములకు గోనెపట్టాలు చుట్టి తడుపుడు. గోనెలు నీటిని నిలుపుకొనును గనుక ఖర్చు తగ్గును.

ఇక పరీక్ష. 5 ఘనమీటర్ల వరకు ఒక నమూనా, 6 నుండి 15 వరకు రెండు నమూనాలు తీయవలెను; నమూనాకు మూడు ఘనములు. కప్పునకు పోవుచున్న మిశ్రమమునుండియే, మీ యెదుట వీనిని పోయింపుడు. వేరుగా సిమెంటు దండిగా కలిపి పోసిన ఘనము నెగ్గును గాని కప్పు నెగ్గదు. ఘనముపై తేదీ, పని పేరు వ్రాయించి, మీ పుస్తకమున గుర్తుంచుకొనుడు. 28వ దినపు ఫలితము తెలియకముందే తుది బిల్లునకు తీర్మానము చేయకుడు. ఫలితము తక్కువైనచో, కట్టడమునుండి తొలిచి తీసిన ముక్కను పరీక్షింపుమని ఇంజనీరును వ్రాతపూర్వకముగా కోరవచ్చును. ఆ ఉత్తరపు నకలును పంచాయతీ దస్త్రమున ఉంచుడు.