చెరిపివేయరాని అంకె



ప్రోటాను క్వార్కులు, గ్లూవాన్ల సముదాయము. ఆ కణములనే పార్టాన్లందురు. రెండు ప్రోటాన్లు ఢీకొన్నపుడు ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి తాకి, అరుదుగా బరువైన చార్మ్ క్వార్కును, దాని ప్రతిక్వార్కును జంటగా పుట్టించును.

జెనీవా చెంత 27 కిలోమీటర్ల వలయమున, ఒకే తాకిడిలో రెండు చార్మ్ జంటలు పుట్టుటను ఎల్‌హెచ్‌సిబి శాస్త్రజ్ఞులు లెక్కించి 2012లో ప్రకటించిరి. ఒక్క పార్టాను జతతో వేసిన అంచనాకంటె అవి మిక్కిలి ఎక్కువ. వారు ఆ అంకెను చెరుపలేదు. రెండు పార్టాను జతలు ఏకకాలమున వేర్వేరుగా తాకుననుకొన్న లెక్కకు అది దగ్గరపడినది.

ఒకప్పుడు ప్రయోగశాలలో, పాఠ్యపుస్తకముతో కలియని కొలతను ఒక బాలికచేత నేనే చెరిపించితిని. మరల కొలువుమని చెప్పవలసినది. అట్టి అంకెలను మన పిల్లల పుస్తకములలో నిలువనిత్తము.