చల్లని సీసా – తీరని దాహము
(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము ఏ పథకమును గూర్చియు చెప్పుటకు రాలేదు. మాకు పట్టుబడిన ఒక చెడు అలవాటును మీ యెదుట ఒప్పుకొని, దాని నుండి ఎట్లు బయటపడితిమో విన్నవించుటకు వచ్చితిమి.

ప్రచారశాఖ ఉద్యోగమన్న ఊరూర తిరుగుటయే గదా! ఎండలో ప్రయాణము చేసి, దిగిన చోటనెల్ల చల్లని కోలా త్రాగుచుంటిమి. గ్రామములకు వచ్చినపుడు మీరును మర్యాదకై సీసా తెప్పించుచుంటిరి. మొదట వారమునకొకటి, పిదప దినమునకొకటి, తుదకు దినమునకు మూడు. సెలవు దినమున ఇంటనున్నచో మధ్యాహ్నమునకు తలనొప్పి పట్టుకొనెడిది. సీసా త్రాగిన కొంతసేపటికి తగ్గెడిది. ఇది మాకు మందువలె పనిచేయుచున్నదని మురిసిపోతిమి. ఆ నొప్పిని తెచ్చినది ఆ సీసాయేయని చాలకాలమునకు గాని మాకు బోధపడలేదు.

దీనికి కారణము కోలాలోని కెఫీన్. మనము మేలుకొనియున్నంతసేపు మెదడులో ఎడినోసిన్ అను పదార్థము కూడుచు, ఇక విశ్రమింపుమని హెచ్చరించుచుండును. కెఫీన్ ఆ హెచ్చరికకు అడ్డుపడును. అలసట తీరదు గాని తెలియకుండ పోవును. దినదినము త్రాగువారి శరీరము దీనికి అలవాటుపడును. ఒక్కసారిగా మానినచో సాధారణముగా 12 నుండి 24 గంటలలో తలనొప్పి, చిరాకు, మగత బయలుదేరును. ఇవి రెండు దినములు మొదలు తొమ్మిది దినముల వరకు ఉండి తగ్గిపోవును. ఈ సంగతి తెలియకయే పలువురు రెండవనాడే మరల సీసా పట్టుచున్నారు.

ఇక పంచదార మాట. కోలా 100 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల పంచదార ఉండును. అనగా 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు, ఐదారు చెంచాలు. ఈ విధమైన చక్కెరలు పెద్దలకు దినమునకు సుమారు 50 గ్రాములు మించరాదనియు, 25 గ్రాములకు లోబడిన మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. మేము సీసాలతోనే 75 గ్రాములు పుచ్చుకొనుచుంటిమి! ఒక్క గ్లాసు కాఫీలో ఆరు చెంచాల పంచదార వేసి ఇచ్చిన ఎవరు త్రాగగలరు? కోలాలోని పులుపును, చల్లదనమును ఆ తీపిని కప్పిపుచ్చును.

ఇపుడు మన కిరాణా అంగళ్లలో శక్తి పానీయములని పిలువబడు సీసాలును వచ్చినవి. వీనిలో లీటరునకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చును. కోలాలో కన్న ఇది సుమారు మూడు రెట్లు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఇవి తగవని సీసాపై సన్నని అక్షరములలో వ్రాసియుండును. అయినను బడిపిల్లల చేతులలో వీనిని మేము చూచుచున్నాము. తల్లిదండ్రులు ఆ అక్షరములను ఒకమారు చదువవలెనని మా ప్రార్థన.

మానుట ఎట్లు? మేము చేసినది చెప్పెదము. మొదటి వారము ఏమియు మానక, ఎన్ని సీసాలు, ఏ వేళ త్రాగుచున్నామో వ్రాసికొంటిమి. రెండవ వారము సాయంకాలపు సీసా విడిచితిమి. అందువలన నిద్ర చక్కబడినది. పిదప నాలుగైదు దినములకొకమారు అర సీసా చొప్పున తగ్గించితిమి. ఇట్లు మెల్లగా తగ్గించినచో తలనొప్పి అంతగా బాధింపదు. సీసా త్రాగు వేళకే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని, రాగి అంబలి గాని, కుండనీరు గాని పుచ్చుకొంటిమి. పెద్ద సీసా ఇంటికి తెచ్చుట మానితిమి. నడుమ ఒక పెండ్లిలో జారితిమి. మరునాడు మరల లెక్క మొదలుపెట్టితిమి.

ఒక రైతు మమ్ము, "మజ్జిగ తాగితే ఆ హుషారు వస్తుందా అయ్యా?" అని అడిగెను. నిజము చెప్పవలెనన్న రాదు. రాత్రి నీరు కట్టి వచ్చినవానికి కావలసినది నిద్ర. నిద్రకు బదులుగా సీసా త్రాగినచో ఆ రాత్రి నిద్రయు చెడును. మరునాడు మరియొక సీసా కావలసివచ్చును.

ఇంకొక హెచ్చరిక. ఎంత త్రాగినను దాహము తీరక, మాటిమాటికి మూత్రము వచ్చుచున్నచో అది మధుమేహము కావచ్చును. అట్టివారు తీపి నీళ్లతో దాహము తీర్చుకొనజూడక, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్తపరీక్ష చేయించుకొనవలెను. మానిన పిదప తలనొప్పి తీవ్రముగా నున్నను, పది దినములకు తగ్గకున్నను వైద్యుని చూడవలెను.

తుదకు మాదొక మనవి. సభ ముగిసిన పిదప మాకు మర్యాద చేయదలచినచో సీసా తెప్పింపవలదు. మీ ఇంటి కవ్వపు మజ్జిగ ఒక గ్లాసు ఇప్పించిన చాలును. మీ ఇండ్లకు వచ్చు చుట్టములకును అదే ఇత్తురుగాక!